మూడు నీలం గుండుసూదులు

టైలర్ కొట్టు షట్టర్ సగమే ఎత్తి ఉంది. ఇన్‌స్పెక్టర్ నడుం వంచి లోపలికి దూరాడు.

ఉదయం ఏడూ నలభై.

పెద్ద టైలర్ కుట్టుమిషన్ మీద తల వాల్చి ఉన్నాడు. పని మధ్యలో కునుకు తీస్తున్నాడేమో అనిపించేలా ఉంది. చేయి ముట్టుకుంటే చల్లగా తగిలింది.

ఒంటిమీద దెబ్బ లేదు. గదిలో పెనుగులాట జాడ లేదు. కత్తెర, టేపు, మార్కింగ్ సుద్ద, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. మిషన్ పక్కన నీళ్ల గ్లాసు. గ్లాసు పక్కన ఒక క్యాప్సూల్ స్ట్రిప్. పదిట్లో ఐదు ఖాళీ.

"ఏం మందు ఇది?"

"నరాల నొప్పికి సార్."

జవాబిచ్చింది చిన్న టైలర్. పోయిన మనిషికి సొంత తమ్ముడు. పొద్దున్నే షట్టర్ ఎత్తినవాడూ, చూసినవాడూ, పోలీసులకి ఫోన్ చేసినవాడూ అతనే. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"నాలుగు నెలల కిందట అన్నయ్యకి నడుం చుట్టూ సర్పి వచ్చింది సార్. పొక్కులైతే మానాయిగానీ మంట మాత్రం పోలేదు. చొక్కా తగిలినా విలవిల్లాడిపోయేవాడు."

"రోజుకి ఎన్ని?"

"మూడు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి."

"ఈ స్ట్రిప్ ఎప్పుడు తెచ్చారు?"

"మొన్న రాత్రి నేనే తెచ్చా. నిన్న పొద్దున నా కళ్లముందే మొదటిది తీశాడు."

"అంటే ఒక్కరోజులో ఐదు మింగాడు."

చిన్న టైలర్ అంతవరకూ బిగబట్టుకుని, ఒక్కసారిగా గొంతెత్తాడు.

"మింగక ఏం చేస్తాడు సార్! నిన్న మా వదిన అన్న మాటలు వింటే ఎవడికైనా బతకాలనిపిస్తుందా? 'ఇక నీ జన్మలో కత్తెర ముట్టుకోకు' అంది. టైలర్‌ని పట్టుకుని అనాల్సిన మాటేనా అది?"

కొట్టుకీ వెనకనున్న ఇంటికీ మధ్య ఒక తలుపుంది. ఆ తలుపు పట్టుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పెద్ద టైలర్ భార్య. చేత్తో బొత్తాల కాజాలు కుట్టడంలో ఆ వీధిలో ఆమె తర్వాతే ఎవరైనా. అందుకే అందరూ కాజాలమ్మ అని పిలుస్తారు. మరిది అన్నదానికి ఆమె ఎదురు చెప్పలేదు. ఏడవలేదు కూడా.

"అన్నారా అమ్మా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"అన్నాను బాబూ."

"ఎందుకు?"

ఆమె గది మూలకి చెయ్యి చూపించింది. చెత్తబుట్టలో నల్లటి కోటు గుడ్డ. ఇన్‌స్పెక్టర్ బయటికి తీశాడు. కత్తిరించిన కోటు చెయ్యి ఒకటి. ఎడమచేతిది.

"రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు, అది దండగైంది. ఒకటి కత్తిరించాక రెండోదానికి నమూనా తిరగెయ్యాలి. మొదటి వారం పని నేర్చుకునేవాడికి కూడా తెలుసు ఆ సంగతి. నలభై ఏళ్లు కోట్లు కుట్టిన మనిషి తిరగెయ్యడం మర్చిపోయాడు. ఈ నెలలో పాడైన మూడో బట్ట అది. నోరు జారాను."

కాస్త ఆగి, ఇన్‌స్పెక్టర్ కళ్లలోకి చూసింది.

"నన్ను జైల్లో పెడతారో, ఏం చేస్తారో మీ ఇష్టం. ఆయన కావాలనే మింగాడా? నా మాటకేనా పోయింది? అదొక్కటి తేల్చి చెప్పండి బాబూ. మీ కాళ్లు పట్టుకుంటా."

ఇన్‌స్పెక్టర్ వెంటనే జవాబివ్వలేదు. అతనికి ఏదీ వెంటనే చేయడం చేతకాదు. స్టేషన్‌లో వెనకాల అతన్ని "నత్త" అంటారు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఇతరులు పావుగంటలో ముగించే ఇన్‌క్వెస్ట్ అతను పూట గడిచేదాకా సాగదీస్తాడు. కానిస్టేబుల్ అప్పటికే గోడకి చేరగిలబడి ఆవలింత మింగుతున్నాడు.

"సూసైడే కదా సార్? రాసేద్దామా?"

"నీకు ఆకలేస్తోందా?"

"లేదు సార్."

"అయితే తొందరెందుకు?"

ఇన్‌స్పెక్టర్ శవం చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. మణికట్టుకి సూదుల దిండు కట్టి ఉంది. దాని నిండా మామూలు ఉక్కు గుండుసూదులు. చొక్కాకి కూడా మూడు గుండుసూదులు ఉన్నాయి, కుడి రొమ్ము మీద వరసగా. వాటి తలలు నీలం గాజువి.

మణికట్టు మీదే దిండు ఉన్నవాడికి చొక్కాకి సూదులెందుకు? అతను బుర్ర గోక్కున్నాడు.

"ఈ సూదులేంటమ్మా?"

"టైలర్ ఒంటిమీద సూదులుండవా బాబూ?"

అదీ నిజమే. అతను ముందుకి జరిగాడు.

కొట్టు మధ్యలో చెక్కబొమ్మ. దానికి ఆ నల్ల గుడ్డతోనే కుట్టిన కోటు తొడిగి ఉంది. ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లి చూశాడు. కోటుకి రెండు చేతులూ ఉన్నాయి. ఒకటి ఎడమ, ఒకటి కుడి. కుడిచెయ్యి కొత్తగా కత్తిరించింది. కచ్చా కుట్టు వేసి ఉంది. కుట్టు కాస్త వంకర పోయిందిగానీ, చెయ్యి భుజం దగ్గర చక్కగా కూర్చుంది.

"ఈ కుడిచెయ్యి మీరు కత్తిరించారా?" చిన్న టైలర్ని అడిగాడు.

"నేను ప్యాంట్ల వరకే సార్. కోటు అన్నయ్యే ముట్టుకోవాలి."

"నిన్న మీరెన్నింటికి వెళ్లారు?"

"సాయంత్రం ఆరింటికి. అప్పటికి ఆ చెయ్యి లేదు."

"వెళ్లేటప్పుడు ఎలా ఉన్నాడు?"

"ఎలా ఉంటాడు? మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. 'అన్నయ్యా, మా ఇంటికి రా, ఈ రాత్రికి అక్కడ పడుకుందువుగాని' అన్నా. రాలేదు." అతను కళ్లు తుడుచుకున్నాడు. "చెయ్యి పట్టుకుని లాక్కుపోవాల్సింది సార్. తప్పు చేశాను."

ఇన్‌స్పెక్టర్ తలుపు దాటి ఇంట్లోకి వెళ్లాడు. ఒక గది, ఒక వంటగది. తలుపు వెనక కొక్కేనికి ఇంకో తెల్ల చొక్కా వేలాడుతోంది. ముందువైపంతా టీ మరక.

"ఇది?"

"ఆయనదే. నిన్న సాయంత్రం టీ ఒలకబోసుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి. నేనే విప్పి వేరేది తొడిగా."

"అప్పటికి మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా?"

"లేదు. పొద్దున్నుంచి మాటల్లేవు. మాటల్లేకపోతే మాత్రం టీ ఇవ్వనా?"

"రాత్రి ఆయన లోపలికి రాకపోతే మీరు వెళ్లి చూడలేదా?"

కాజాలమ్మ కొట్టు తలుపు వైపు చూసింది.

"మిషన్ చప్పుడు వినపడింది. తర్వాత ఆగిపోయింది. కోపంతో అక్కడే పడుకున్నాడనుకున్నా. నేనెందుకు ముందు పిలవాలి అనుకున్నా."

ఇన్‌స్పెక్టర్ రెండు చొక్కాల్నీ ఎవిడెన్స్ కవర్లలో పెట్టమన్నాడు. కొట్టుకి సీలు వేయించాడు.

మర్నాడు అతను డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. పెద్ద టైలర్‌కి ఆ మందు రాసిన మనిషి. పోస్ట్‌మార్టమ్ రిపోర్టు డాక్టర్ అప్పటికే చదివి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఐదు క్యాప్సూళ్లకి ప్రాణం పోతుందా?" సూటిగా అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"అందరికీ పోదు. ఈయనకి కిడ్నీలు బలహీనం. ఈ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. పోకపోతే ఒంట్లో పేరుకుంటుంది. దానికి తోడు పాత ఆయాసం. మందు ఎక్కువైతే మగత, ఆ మగతలో ఊపిరి మందగిస్తుంది. నిద్రలోనే ఆగిపోయింది."

"బాధ పడ్డాడా?"

"లేదు."

"మందు వేసుకుంటే మతిమరుపు వస్తుందా?"

డాక్టర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"వచ్చింది. పోయిన నెల వచ్చినప్పుడు ఆయనే చెప్పాడు. మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండటం లేదన్నాడు. మీ ఆవిడ చేతికిచ్చి ఆమెనే ఇవ్వమనండి అన్నాను. ఒప్పుకోలేదు. 'నా బుర్ర పనిచేయడం లేదని తెలిస్తే నన్ను కత్తిరించే బల్ల దగ్గరికి రానివ్వదు డాక్టర్ గారూ' అన్నాడు. ఇంట్లో చెప్పొద్దని బతిమాలాడు. మర్చిపోకుండా తనే ఏదో ఏర్పాటు చేసుకున్నానన్నాడు."

"ఏం ఏర్పాటు?"

"అడగలేదు. బయట ఇరవైమంది పేషెంట్లు కూర్చుని ఉన్నారు. అడగాల్సింది."

ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కి తిరిగొచ్చాడు. చిన్న టైలర్‌ని పిలిపించాడు.

"మీ అన్నయ్య చొక్కాకి నీలం సూదులు ఎప్పట్నుంచి పెట్టుకుంటున్నాడు?"

"సూదులా?" చిన్న టైలర్ తెల్లబోయాడు. "ఈమధ్యే సార్. ఒక నెల అయ్యుంటుంది."

"ఏ వైపు?"

"ఎడమవైపు."

"నిన్న శవం మీద కుడివైపున్నాయి."

అతను కాస్త ఆలోచించాడు. "అవును సార్. నేను పొద్దున వచ్చేసరికి ఎడమవైపుంటాయి. సాయంత్రం వెళ్లేటప్పటికి రెండు కుడివైపుంటాయి, ఒకటి ఇటు. ఎందుకన్నయ్యా అని ఒకసారి అడిగా. నీ ప్యాంటు సంగతి నువ్వు చూసుకో అని కసిరాడు. మళ్లీ అడగలేదు."

అతన్ని పంపించేశాక ఇన్‌స్పెక్టర్ కవర్లు విప్పాడు. టీ మరక చొక్కాని కిటికీకి అడ్డంగా పట్టుకున్నాడు. ఎండ గుడ్డలోంచి ఇవతలికి పడింది.

సన్నటి చిల్లులు, సూదికి రెండేసి చొప్పున. గుండుసూది గుచ్చి తీసిన చోట నూలు పక్కకి జరిగి ఉంది. ఎడమవైపు మూడు జతలు. కుడివైపు రెండు జతలు.

తర్వాత శవం మీది చొక్కా. ఎడమవైపు మూడు జతలు. కుడివైపు మూడు.

కానిస్టేబుల్ మెడ సాచి చూశాడు. "ఉతికిన చొక్కాకి పాత చిల్లులుండవా సార్?"

"ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే పూడుకుపోతాయి. ఇవి ఆ ఒక్కరోజువి."

రెండూ, మూడూ, ఐదు.

అతను చొక్కా మడిచి బల్లమీద పెట్టాడు. కూర్చున్నాడు.

"తేలిపోయింది కదా సార్?" అన్నాడు కానిస్టేబుల్. "మరి మొహం అలా పెట్టారేంటి?"

"తేలింది కాబట్టే."

ఆ ముసలావిడ అతన్ని అడిగింది ఒక్కటే. ఆయన నా మాటకేనా పోయింది అని. కాదని చెప్పగలడు. గుండెలమీద చెయ్యి వేసుకుని చెప్పగలడు. కానీ ఎందుకు కాదో చెప్పాలంటే, ఇంకోటి కూడా చెప్పాలి. ఆ రెండోది ఆమె అడగలేదు. ఎవరూ అడగకుండా ఉంటే ఎంత బాగుండునో అని ఇన్‌స్పెక్టర్ ఉద్యోగంలో మొదటిసారి కోరుకున్నాడు.

ఇంకో రోజు గడిచింది. పదకొండు గంటలకి కొట్టు సీలు తీయించాడు. కాజాలమ్మ, చిన్న టైలర్, డాక్టర్, ముగ్గుర్నీ కూర్చోమన్నాడు. వదినా మరుదులు గదికి చెరో మూల కూర్చున్నారు. మూడు రోజులుగా వాళ్ల మధ్య మాటల్లేవని చూస్తేనే తెలుస్తోంది. చిన్నతనంలో తల్లి పోతే ఆ మరిదిని పెంచింది ఈ వదినే. వీధిలో అందరూ చెప్పారు.

"ఇది సూసైడ్ కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

కాజాలమ్మ తలెత్తింది.

"చావాలనుకున్నవాడు ఐదు మింగి ఐదు మిగల్చడు. పైగా ఇటు చూడండి." చెక్కబొమ్మని వాళ్లవైపు తిప్పాడు. "పొద్దున రెండూ ఎడమచేతులు కత్తిరించాడు. సాయంత్రం ఆరు దాటాక, మగతలో ఉండి కూడా, మళ్లీ గుడ్డ పరిచి కుడిచెయ్యి కత్తిరించాడు. కోటుకి తగిలించాడు. తెల్లారాక మీకు చూపించాలనుకున్నాడమ్మా. చచ్చిపోదామనుకున్నవాడు రేపటికి కోటు సిద్ధం చేసుకోడు."

ఆమె లేచి కోటు దగ్గరికి వెళ్లింది. కుట్టు మీద వేలు పెట్టి భుజం దాకా నడిపింది.

"మరి ఐదెందుకు వేసుకున్నాడు సార్?" చిన్న టైలర్ అడిగాడు.

"ఆ మందుకి ఆయనకి మతిమరుపు వచ్చింది. మీ ఇద్దరికీ తెలియకూడదని దాచాడు. వేసుకున్నదీ లేనిదీ తేల్చుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పొద్దున్నే మూడు నీలం సూదులు ఎడమవైపు. మాత్ర వేసుకున్న ప్రతిసారీ ఒక సూది కుడివైపుకి. రాత్రికి మూడూ కుడివైపుకి వచ్చేస్తాయి. అడిగితే టైలర్ సూదులే కదా అనుకుంటారు. ఎవరికీ అనుమానం రాదు."

డాక్టర్ కళ్లు మూసుకున్నాడు.

"ఆ రోజు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వేసుకున్నాడు. రెండు సూదులు మారాయి. టీ మరక చొక్కాలో ఆ చిల్లులున్నాయి. తర్వాత చొక్కా మారింది. కొత్త చొక్కాకి మూడు సూదులూ మళ్లీ ఎడమవైపుకి వచ్చాయి. ఒంటినిండా మంట. కిందికి చూసుకున్నాడు. మూడూ ఎడమవైపే. పొద్దున్నుంచి ఒక్కటీ వేసుకోలేదు కాబట్టే ఇంత నొప్పి అనుకున్నాడు. తప్పినవి వేసుకున్నాడు. రాత్రిది కూడా వేసుకున్నాడు. ఆయన లెక్క ప్రకారం ఆ రోజుకి మూడే."

"మరి ఆ సూదులు మళ్లీ ఎడమవైపు ఎవరు పెట్టారు?" అన్నాడు చిన్న టైలర్.

ఈ ప్రశ్న వస్తుందని ఇన్‌స్పెక్టర్‌కి తెలుసు. రాత్రంతా దీనికే జవాబు వెతుక్కున్నాడు.

"ఆయనే. మగతలో చొక్కా మార్చుకుంటూ..."

అబద్ధం అతనికి అలవాటు లేదు. మాట మధ్యలోనే ఆపేశాడు.

కాజాలమ్మ అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"మీరు మంచివారు బాబూ. కానీ చొక్కా నేను మార్చానని మీకు మొదటిరోజే చెప్పా కదా."

"అమ్మా..."

"సూదులు నేనే పెట్టా. రెండు అటు, ఒకటి ఇటు ఉన్నాయి. చిందరవందరగా ఉన్నాయనిపించింది. పొద్దున ఎడమవైపే కదా ఉంటాయని మూడూ వరసగా అక్కడే పెట్టా. గుచ్చుకోకుండా చూసి మరీ పెట్టా. నడుం మీద గుడ్డ తగలకుండా, మెల్లగా..."

అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. చిన్న టైలర్ మూలలోంచి లేచి వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"వదినా, నన్ను క్షమించు. వీధి మొత్తం వినేలా నీ మాటే చంపిందని అరిచాను."

"నువ్వన్నదేముంది చిన్నా. నేనూ అదే అనుకున్నా. మూడు రోజులుగా ఈ నాలుక కోసేసుకుందామనుకున్నా. ఇప్పుడు దేన్ని కోసుకోవాలో తెలియడం లేదు." ఆమె తన రెండు చేతులూ ఒళ్లో తిరగేసి చూసుకుంది.

"మీకు తెలియదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆయన చెప్పలేదు. మీ తప్పేం లేదు."

"నాకెందుకు చెప్పలేదు బాబూ? నేను కత్తెర లాక్కుంటానని భయపడ్డాడా? నలభై ఏళ్లు కాపురం చేసి, నాకు భయపడ్డాడా?"

డాక్టర్ తల వంచుకున్నాడు. బయట వీధిలో ఎవరో కొట్టు తెరిచారనుకుని ఒక ప్యాంటు పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. లోపలి మొహాలు చూసి వెనక్కి తగ్గారు.

కాజాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయన నామీద కోపంతో పోలేదు కదా బాబూ? అది నిజమేనా?"

"ఆయన చావాలని మింగలేదు. అది సాక్ష్యాలతో చెప్పగలను. కోపం ఉందో లేదో మాత్రం..." ఇన్‌స్పెక్టర్ ఆగాడు. ఇంకో అబద్ధం ఆడదలుచుకోలేదు. "అది నాకెలా తెలుస్తుందమ్మా? ఆఖరున చూసింది మీరే."

ఆమె నెమ్మదిగా తల ఊపింది.

"కోపం లేదు. నాకు తెలుసు. చొక్కా తొడుగుతుంటే నేను ఒక బొత్తం తప్పి కింది కాజాలో పెట్టా. ఆయన చూశాడు. 'జన్మంతా కాజాలు కుట్టావు, బొత్తం పెట్టడం మాత్రం నేర్చుకోలేదు' అన్నాడు. నన్ను నవ్వించాలని అన్నాడు బాబూ. నాకు నవ్వొచ్చింది కూడా. కానీ అప్పుడే నవ్వేస్తే అలుసైపోతానని మొహం అటు తిప్పుకున్నా."

ఆమె గోడకి తల ఆనించింది.

"తెల్లారాక నవ్వుదాంలే అనుకున్నా."